నలభై రోజుల పథ్యం

దీపావళి దాటిందంటే మా ఇంట్లో మిక్సీ రోజుకు ఆరేడుసార్లు మోగుతుంది. వనజమ్మ పొడి పడుతోందని వీధి మొత్తం అనుకుంటుంది. అందులో రెండుసార్లే పొడి కోసం. తక్కినవన్నీ నా తుమ్ములు బయటికి వినపడకుండా ఉండడానికి. ఖాళీ జారు పెట్టి, మీట నొక్కి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వరసగా పన్నెండో పదిహేనో తుమ్మి, ముక్కు తుడుచుకుని, మీట ఆపి, ఏమీ ఎరగనట్టు వసారాలోకి వస్తాను. వసారాలో జనం కూర్చుని ఉంటారు. తుమ్ములకు మందు కోసం నా దగ్గరికి వచ్చిన జనం.

నవ్వొస్తే నవ్వుకోండి. నాకైతే నాలుగేళ్లుగా రాలేదు.

మాది ప్రొద్దుటూరు, మూలికల అంగడి. మా అత్త సరస్వతమ్మ కాలం నుంచి చలికాలపు తుమ్ములకు, ముక్కు కారడానికి, పిల్లికూతలకు మా ఇంటి పొడి పెట్టింది పేరు. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, నీడలో ఎండిన అడ్డసరం ఆకు దంచి జల్లించి, తేనెలో రంగరించి పరగడుపున నాకించడం. అంతకంటే అందులో రహస్యం ఏమీ లేదు, ఎవరైనా చేసుకోవచ్చు. మా అత్త గొప్పతనమంతా పథ్యంలో ఉండేది. నలభై రోజులు పెరుగు, వంకాయ, గోంగూర, చెనిక్కాయలు, అరటిపండు, జామకాయ ముట్టకూడదు. పాత బియ్యం అన్నం, మిరియాల చారు, బీరకాయ, వెల్లుల్లి కారం, ఇవే. ఆ నలభై రోజులూ ఇంగ్లీషు మందు గడప తొక్కకూడదు. రెండు మందులు ఒక కడుపులో పోట్లాడుకుంటాయని అనేది ఆమె.

తగ్గిందా, పొడి గొప్పది. తగ్గలేదా, నువ్వు పథ్యం తప్పావు. ఇంకో మాట లేదు. మనిషన్నాక నలభై రోజుల్లో ఎక్కడో ఒకచోట నోటి కట్టు తప్పకుండా ఉంటుందా? ఏ పెళ్లిలోనో ఒక ముద్ద పెరుగన్నం, ఏ బస్టాండులోనో చెనిక్కాయల పచ్చడితో ఒక కారం దోసె. అది గుర్తు తెచ్చుకుని, తలొంచుకుని, మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టేవాళ్లు. మా అత్త పోయాక ఆ పీట మీద నేను కూర్చున్నాను. ఇరవై రెండేళ్లుగా అదే మాట చెబుతున్నాను. నాకు ముక్కు మీద కోపం కాబట్టి మా అత్తకంటే నాలుగు ఆకులు ఎక్కువే చదివాను. "పథ్యం తప్పి నా పొడిని అంటావా?" అంటే ఎంత పెద్ద రెడ్డి అయినా చెప్పులేసుకుని పోవాల్సిందే.

నాలుగేళ్ల కింద, కార్తీకంలో, నాకు మొదలైంది. ముందు ముక్కు దురద, తర్వాత కళ్లు, తర్వాత తుమ్ములు. పుష్యం వచ్చేసరికి రొమ్ములో పిల్లికూతలు. సరే, మందు చేతిలోనే ఉంది కదా అని పొడి తిన్నాను. నలభై రోజులు పథ్యం ఉన్నాను. మా ఆయన అప్పటికే పోయారు, ఇంట్లో నేనూ నా కొడుకు ఫణీంద్రే. పెరుగు కుండ మూత కూడా తీయలేదు. తగ్గలేదు. ఏదో తప్పి ఉంటానని నన్ను నేనే తిట్టుకుని మళ్లీ నలభై రోజులు ఉన్నాను. ఈసారి చిటికెడు చింతపండు కూడా మానేశాను. అప్పుడు కూడా తగ్గలేదు. శివరాత్రి దాటి ఎండ ముదిరాక దానంతటదే పోయింది, మళ్లీ దీపావళికి దానంతటదే వచ్చింది.

ఫణీంద్రకు తుమ్ముల సంగతి తెలుసు. "అమ్మా, నువ్వు జనం ముందర తుమ్మితే మన అంగడికి తాళమే," అన్నాడు. మిక్సీ ఉపాయం వాడిదే.

ప్రొద్దుటూరులో డాక్టర్ దగ్గరికి పోవడానికి నాకు ముఖం చెల్లదు. చీటీ రాసే ఆమె దగ్గర నుంచి బెంచీ మీద కూర్చున్న రోగుల దాకా అందరూ నా పొడి నాకినవాళ్లే. అందుకని చెల్లెలి ఇంటికని చెప్పి జమ్మలమడుగు బస్సెక్కాను. ముఖానికి మాస్కు పెట్టుకున్నాను, పేరు మా అత్తది చెప్పాను. కుర్ర డాక్టరు రొమ్ము మీద గొట్టం పెట్టి విని, ఇంకో గొట్టంలోకి ఊదమని చెప్పి చూశాడు.

"అలర్జీ అమ్మా ఇది. మంచు, దుమ్ము, పూల పుప్పొడి, ఈ కాలమంతా ఉంటాది మీకు. ఇంట్లో ఏం పని చేస్తారు?"

"వంట," అన్నాను.

"ఘాటు దినుసులు దంచేది, జల్లించేది మానుకోండి. మిరియాలు, శొంఠి పొడి గాల్లో లేస్తే మీకు ఇంకా ఎక్కువవుతాది. ఇంతకుముందు ఏమన్నా వాడినారా?"

"ప్రొద్దుటూరు వనజమ్మ పొడి," అన్నాను.

ఆయన నవ్వాడు. "ఈడికొచ్చే వాళ్లలో సగం మంది ఆ మాటే చెప్తారు. మిరియాల చారు తాగండి, ఆవిరి పట్టుకోండి, పాత బియ్యం తినండి, నేను వద్దనను. జలుబుకు హాయిగా ఉంటాది. ఆయాసం వచ్చినప్పుడు మాత్రం అవి ఆదుకోవు. అప్పుడు ఇదే." అని ఇన్‌హేలర్ రాసిచ్చాడు. పెరుగు తింటే తప్పులేదని కూడా చెప్పాడు. ఆ పూట చెల్లెలి ఇంట్లో గిన్నెడు పెరుగన్నం తిని ఏడ్చాను. ఎందుకేడుస్తున్నావని చెల్లెలు అడిగితే కారం తగిలిందన్నాను.

ఆ ఇన్‌హేలర్ సంగతి ఫణీంద్రకు కూడా చెప్పలేదు. సామాన్ల గదిలో వాము డబ్బా అడుగున దాచాను. ఊపిరి బిగుసుకున్నప్పుడు గది తలుపు వేసుకుని రెండుసార్లు పీల్చి, నోరు పుక్కిలించి, రెండు వాము గింజలు నమిలి బయటికి వస్తాను. అప్పటి నుంచి నా ఇంట్లో నేనే దొంగను. చలికాలం నాలుగు నెలలూ గడప దాటను. పెళ్లికి పిలిస్తే పోను, అక్కడ తుమ్మితే ఎట్లా? అంగట్లోకి పోను, దినుసుల దుమ్ము. కిటికీ తెరవను, ఎర్రగుంట్ల దారి లారీల దుమ్మంతా మా వీధిలోనే దిగుతుంది. వసారాలో పీట, సామాన్ల గదిలో డబ్బా, మధ్యలో మిక్సీ. ఈ మూడింటి మధ్యే నా తిరుగుడంతా. మానేద్దామంటే ఎట్లా మానేది? పొడి మానేస్తే ఎందుకు మానేశావంటారు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు లేక నాలుగేళ్లు పీట మీద కూర్చున్నాను.

అది చాలదన్నట్టు ఫణీంద్ర నన్ను ఫోనులోకి కూడా ఎక్కించాడు. 'వనజమ్మ వైద్యం' అని వీడియోలు. వాడు ఫోను స్టాండుకు పెట్టి, జనం పంపిన ప్రశ్నలు చదువుతాడు. నేను పట్టు జాకెట్టు వేసుకుని జవాబులు చెబుతాను. వీడియో ఉన్న రోజు పొద్దున్నే రెండుసార్లు పీల్చుకుంటాను, గొంతు శుభ్రంగా పలకాలి కదా. పోయిన ఆశ్వయుజంలో ఒక ప్రశ్న చదివాడు.

"అమ్మా, మాది పులివెందుల పక్కన పల్లె. మా పాపకు ఎనిమిదేండ్లు. చలికాలమొస్తే ఆయాసం. ఇన్‌హేలర్ వాడుతాంది. దాంతో పాటు మీ పొడి ఇయ్యొచ్చునా?"

నా నోట్లో ఇంకా ఆ మందు చేదు ఉంది. ఇయ్యొచ్చు, అది మాత్రం మానొద్దు అనాలని పెదవుల దాకా వచ్చింది. ఫోను నన్నే చూస్తోంది. ఫణీంద్ర వేలు ఆడిస్తున్నాడు, తొందరగా చెప్పమని. ఆ రోజు దాకా వెయ్యిమందికి చెప్పిన మాటను ఒక్క పిల్ల కోసం మార్చితే, తక్కిన వెయ్యిమంది ఏమంటారు? మా అత్త మాటే నా నోట్లోంచి వచ్చింది.

"రెండు మందులు ఒక కడుపులో పోట్లాడుకుంటాయి తల్లీ. నలభై దినాలు అది పక్కన పెట్టు. నా పొడి, నా పథ్యం. అంతే."

"బాగా చెప్పినావమ్మా," అన్నాడు ఫణీంద్ర. నేను లోపలికి పోయి మిక్సీ వేశాను. ఆ రోజు తుమ్మలేదు. ఊరికే వేశాను.

కార్తీకంలో, ఆ ప్రశ్న అడిగిన మనిషే పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. పేరు రూప. సేద్యం ఇల్లు, మెడలో నల్లపూసలు, కాళ్లకు దారి దుమ్ము. పిల్ల పేరు ప్రియదర్శిని. రెండు జడలు, ముక్కు కొస ఎర్రగా తుడిచి తుడిచి కమిలిపోయి ఉంది. నా ముక్కూ పౌడరు కింద అట్లాగే ఉంటుంది. పొడి కట్టిచ్చి, పథ్యం చెప్పాను. పిల్ల వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వింది.

"జామకాయ గూడా వద్దా అవ్వా?"

"వద్దు."

"మా చేన్లో చెట్టుండాది."

"చెట్టుంటే ఉండనీ. నలభై దినాలు దాని దిక్కు చూడగాకు."

ఇరవయ్యో రోజు మళ్లీ వచ్చారు. పిల్ల మెడ దగ్గర గుంట ఊపిరికి ఊపిరికి లోపలికి పోతోంది. అది చూడగానే నాకు తెలిసిపోయింది. ఆ గుంటను అద్దంలో నా మెడ మీద చూసుకున్నదాన్ని.

"తగ్గలేదమ్మా. రాత్రిళ్లు కూర్చునే ఉంటాది. పథ్యం ఒక్కపూట గూడా తప్పలేదు మేము," అంది రూప.

వసారాలో ఎనిమిదిమంది ఉన్నారు. ఆ ఎనిమిదిమందీ నా నోటి వైపు చూశారు. పక్కకు పిలిచి చెప్పి ఉండొచ్చు. వాకిలి దాకా పోయి చెవిలో చెప్పినా సరిపోయేది. చెప్పలేదు.

"ఏదో తినింటాది. లేకుంటే ఎందుకు తగ్గదు?"

"తినలేదవ్వా," అంది పిల్ల.

"పిల్లలు నిజం చెప్తారా? జామచెట్టు ఉండాదంటివి గదా?"

రూప పిల్ల వైపు తిరిగింది. "తినినావా?"

"తినలేదమ్మా."

చెంప మీద ఒకటి పడింది. గట్టిగా ఏమీ కాదు, తల్లి కొట్టే దెబ్బే. పిల్ల ఏడవలేదు. ఏడవడానికి ఊపిరి కావాలి. చెంప పట్టుకుని నా వైపు చూసింది, తల్లి వైపు కాదు. నేను పొట్లం కట్టిచ్చి, మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టమన్నాను. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా చూసి లోపలికి పోయి మిక్సీ వేసుకుని ఏడ్చాను. అది కూడా బయటికి వినపడకూడదు కదా.

పుష్యమాసంలో ఒక పొద్దున, పది గంటలప్పుడు, షరీఫ్ ఆటో మా వాకిట్లో ఆగింది. బస్టాండు నుంచి నా దగ్గరికి జనాన్ని తెచ్చేది అతనే. మామూలుగా హారన్ కొడతాడు. ఆ రోజు దిగి పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, పాప శానా కష్టంగా ఉండాది. ఆస్పత్రికి పోదామంటే ఆయమ్మ ఈడికే రావాలంటాది."

రూప పిల్లను భుజం మీద వేసుకుని వసారా ఎక్కింది. పీట మీద కూర్చోబెడితే పిల్ల రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగింది. పెదవులు వంకాయ రంగు తిరిగాయి. పిల్లికూతలు కూడా వినపడలేదు. జమ్మలమడుగు డాక్టరు నాకు చెప్పాడు, కూత వినపడనప్పుడే భయపడమని.

"బస్సులో ఎక్కువైందమ్మా. మీరు చెప్పినట్లే మళ్లీ ఒకటో దినం నుంచి ఉన్నాము. పొడి ఇయ్యండి," అంది రూప.

"ఇన్‌హేలర్ యాడ పెట్టినావు?"

"ఇంట్లో, అటక మీద. మీరే గదమ్మా పక్కన పెట్టమంటిరి."

సామాన్ల గదిలోకి పరిగెత్తాను. వాము డబ్బా నేల మీద బోర్లించాను. గింజలు గదంతా చిందాయి. ఇన్‌హేలర్ తీసుకుని వసారాలోకి వచ్చాను, కొంగు కింద కాదు, చేతిలోనే పట్టుకుని.

ఫణీంద్ర ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు. వచ్చిన ప్రతి రోగినీ వీడియో తీయడం వాడికి అలవాటు. నా చేతిలోది చూసి వాడి ముఖం పాలిపోయింది. "అమ్మా, అదేంది? లోపల పెట్టు," అన్నాడు పళ్ల సందున.

"షరీఫూ, ఆటో తిప్పి పెట్టప్పా. ఆస్పత్రికి పోవాల," అని, పిల్ల ముందు కూర్చుని మూత తీశాను. "నోరు తెరువు తల్లీ."

ఆ పిల్ల నోరు తెరవలేదు. పెదవులు బిగబట్టి తల అడ్డంగా ఊపింది. ముక్కుతో పీల్చడానికి దారి లేదు, నోటితో పీలుస్తున్నదల్లా ఆ నోరు కూడా మూసుకుంది. నేను దగ్గరికి తెస్తే రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. నోట్లోంచి ఒక్కొక్క అక్షరం తోసుకొచ్చింది.

"ప... థ్యం."

నేను చాలా మాటలు పడ్డాను, చాలా మాటలు అన్నాను. ఆ ఒక్క ముక్క విన్నప్పుడు నా తల కొట్టేసినట్టయింది. ఊపిరి పోతున్నా పథ్యం తప్పకూడదని ఎనిమిదేళ్ల పిల్లకు నేర్పింది నేను. దెబ్బ కొట్టింది తల్లి, కొట్టించింది నేను. బతిమాలితే తెరవదు. తల్లి చెప్పినా తెరవదు, తల్లి ఆ రోజు నమ్మలేదు. అది పథ్యం తప్పడం కాదని నేను చూపిస్తేనే తెరుస్తుంది.

వసారాలో పదిమంది, వాకిట్లో షరీఫ్, నా కొడుకు చేతిలో ఫోను. నేను ఇన్‌హేలర్ నా నోట్లో పెట్టుకున్నాను. నొక్కాను. పీల్చాను. ఏళ్ల అలవాటు, చేతులు వాటంతటవే చేశాయి. ఊపిరి బిగబట్టి పది అంకెలు లెక్కపెట్టి వదిలాను.

"చూడు, నేనూ పీలుస్తా ఇది. నాకూ ఉండాది నీ రోగమే."

కొంగుతో తుడిచి ఇచ్చాను. పిల్ల ఒకసారి నా ముఖంలోకి చూసింది. నోరు తెరిచింది. నేర్పాల్సిన పని లేదు, ఆ పిల్ల నాకంటే బాగా పీల్చుకుంది. ఆగి మళ్లీ ఒకటి. ఆగి మళ్లీ ఒకటి. షరీఫ్ ఆటో తిప్పి గడపకు ఆనించాడు. పిల్లను ఎత్తుకుంటే రొమ్ములో సన్నగా కూత మొదలైంది. ఆ పిల్లికూత విని నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

రూప నా కాళ్ల మీద పడబోయింది. "మీ చేతిలోనే ఉండాదమ్మా మహిమ. మీ చెయ్యి తగిలినాకనే ఊపిరొచ్చింది నా బిడ్డకు."

వసారాలో ఎవరో అవునన్నారు. వనజమ్మ హస్తవాసి మామూలుది కాదన్నారు. చూడండి, కళ్లెదుట ఇంగ్లీషు మందు పీల్చినా వాళ్లకు నా చెయ్యే కనపడింది. ఫణీంద్ర ముఖంలోకి కాస్త రంగు వచ్చింది. నేను ఊరుకుంటే చాలు, సాయంత్రానికి అది ఇంకో వీడియో అవుతుంది. తలుపు మళ్లీ మూసుకోబోతోందని నాకు తెలిసింది. ఊరుకోవడం ఎంత తేలికో కూడా తెలిసింది.

నా భుజం మీద పిల్ల కదిలింది. రెండు ఊపిరుల మధ్య అడిగింది, గుసగుసగా కాదు, అందరికీ వినపడేట్టే.

"నువ్వు గూడా పథ్యం తప్పినావా అవ్వా?"

"లేదు తల్లీ," అన్నాను. "నేను తప్పలేదు. రెండుసార్లు ఉన్నా, నలభై, నలభై దినాలు. ఒక్క మెతుకు తప్పలేదు. అయినా తగ్గలేదు. నువ్వూ తప్పలేదు. పొడితో తగ్గేది కాదు మన రోగం. అది నాకు నాలుగేండ్ల నుంచి తెలుసు. తెలిసీ మీ అమ్మతో మాన్పించినా, తెలిసీ నిన్ను అబద్ధాలకోరంటి."

"అమ్మా, పోనీలే, వీడియోలో అది కోసేస్తాలే," అన్నాడు ఫణీంద్ర ఫోను దించుతూ.

"కొయ్యద్దు. అట్లే పెట్టు," అన్నాను.

వాడు పెట్టాడో లేదో చూడలేదు. ఆటో ఎక్కాను. రూప నాకు ఆ చివర కూర్చుంది, మధ్యలో పిల్ల. కాళ్లు పట్టుకోబోయిన మనిషి ఇప్పుడు నా కొంగు తగలకుండా చీర లోపలికి లాక్కుంది. అనుకోనీ. అంటే పడతాను. షరీఫ్ హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండా తోలుతున్నాడు. దుమ్ము లేస్తోంది. నాకు తుమ్ము వచ్చింది, ఒకటి, రెండు, ఐదు. చుట్టూ మిక్సీ లేదు. ఆపుకోలేదు.

గాంధీరోడ్డు దాటేసరికి పిల్లకు ఊపిరి కాస్త తెరిపిచ్చింది. అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది. చెంప మీద దెబ్బ పడినప్పుడు ఏడవని పిల్ల, ఊపిరాడక కొట్టుకుంటున్నప్పుడు ఏడవని పిల్ల, తల్లి కొంగు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"చెప్తిని గదమ్మా," అంది. "నేను తినలేదని చెప్తిని గదా."